ఆటోని పిలవాలా, ఫోన్లో బుక్ చెయ్యాలా?

పాలు, కూరలు, కరెంటు బిల్లు రాసుకునే పుస్తకంలో పోయినేడాది నుంచి "రాకపోకలు" అని ఇంకో పేజీ మొదలుపెట్టాను. అంతకుముందు ఆ పేజీతో పని లేదు. నెలకి నాలుగుసార్లు బజారుకీ, ఎప్పుడైనా ఒక పేరంటానికీ వెళ్తే దానికో లెక్క ఏముంటుంది! అత్తయ్యగారు బాత్రూం గడప దగ్గర పడి, తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ అయ్యాక వచ్చింది ఈ లెక్క. వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీకి తీసుకెళ్ళమన్నారు. మేముండేది మల్కాజిగిరి, ఫిజియోథెరపీ తార్నాకలో. అటు ఐదు కిలోమీటర్లు, ఇటు ఐదు. మావారికి ఆఫీసు, మా అమ్మాయికీ ఆఫీసు. కాబట్టి తీసుకెళ్ళాల్సింది నేనే.

అలా మూడున్నర నెలలు తిరిగాం. యాప్‌లో కారు, యాప్‌లో ఆటో, మా సందు చివర స్టాండులో ఆటో, ఒకటి రెండుసార్లు ట్రావెల్స్ కారు, అన్నీ ఎక్కాం. ఎనభై పైచిలుకు ప్రయాణాలు. "ఏది నయం?" అని మా ఆడపడుచు దగ్గర్నుంచి పక్కింటావిడ దాకా అందరూ అడుగుతున్నారు. ఒక్క ముక్కలో చెప్పలేక ఇలా రాస్తున్నాను.

ముందు పాత రోజుల సంగతి కాస్త చెప్పాలి. లేకపోతే యాప్ వచ్చి మాలాంటివాళ్ళకి ఏం మేలు చేసిందో ఇప్పటి పిల్లలకి అర్థం కాదు.

నేను పెళ్ళయి హైదరాబాద్ వచ్చింది 2002లో. తెనాలి నుంచి రాత్రి రైల్లో వచ్చి, తెల్లారకుండా సికింద్రాబాద్‌లో దిగేవాళ్ళం. చేతిలో సూట్‌కేసు, ఊరగాయ జాడీ, చంకలో పిల్ల. ప్లాట్‌ఫాం దాటకముందే నలుగురైదుగురు చుట్టుముట్టేవాళ్ళు. నాకప్పటికి హిందీ రాదు, వాళ్ళ ఉర్దూ అసలే అర్థమయ్యేది కాదు. "పచాస్" అంటే యాభయ్యో, డెబ్బయ్యో ఆలోచించుకునేలోపే ఒకతను సూట్‌కేసు ఎత్తేసేవాడు. మావారు పక్కనుంటే ఒక రేటు, నేనొక్కదాన్నే ఉంటే ఇంకో రేటు. మీటరు వెయ్యమంటే "మీటర్ ఖరాబ్" అనేవాళ్ళు. స్టేషన్లో ప్రీపెయిడ్ కౌంటర్ ఉండేది కానీ, పిల్లని ఎత్తుకుని ఆ వరసలో నిలబడే ఓపిక ఉండేది కాదు.

డిగ్రీలో తెలుగు చదివిన అలవాటు కొద్దీ, ఊరొచ్చిన కొత్తల్లో నేను గమనించిన మొదటి సంగతి మాటల తేడా. మావైపు ఆటోవాళ్ళు "బేరం దొరకలేదండీ" అంటారు. ఇక్కడ "గిరాకీ లేదమ్మా" అంటారు. రాయలసీమలో "బాడుగ" అంటారు, ఇక్కడ "కిరాయి" అంటారు. మావైపు ఆటోవాడికి ఎక్కే మనిషి కూడా బేరమే, రేటు దగ్గర జరిగే వాదన కూడా బేరమే. ఆ రెండోది నాకు ఎప్పుడూ చేతకాలేదు. కూరగాయల దగ్గర ఆడతాను గానీ, నడిరోడ్డు మీద మగవాళ్ళ మధ్య నిలబడి ఆటో బేరం ఆడటమంటే ప్రాణం మీదకి వచ్చేది. అందుకని చాలా ప్రయాణాలు మానేసేదాన్ని. మావారికి ఆదివారం తీరికైతే స్కూటరు మీద వెళ్ళడం, లేకపోతే లేదు.

టాక్సీ అంటే అప్పట్లో మాకు పండగలాంటిది. పెళ్ళిచూపులకో, యాదగిరిగుట్టకో, ఎవరైనా అమెరికా వెళ్తుంటే ఎయిర్‌పోర్టుకో. ట్రావెల్స్ వాళ్ళకి ముందురోజే ఫోన్ చేసి చెప్పుకోవాలి. ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్లు అని ఒక ప్యాకేజీ. అది దాటితే గంటకింత, కిలోమీటరుకింత. కిలోమీటర్లు మన గుమ్మం దగ్గర్నుంచి కాదు, వాళ్ళ షెడ్డు నుంచి షెడ్డుకి లెక్క. పైన డ్రైవరు బత్తా. 2008లో ఎయిర్‌పోర్టు బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారాక అది ఇంకా పెద్ద ఖర్చయింది.

ఓలా 2010లో మొదలైంది, ఊబర్ 2013లో మన దేశానికి వచ్చింది. మా ఇంట్లోకి మాత్రం 2015లో, మావారి కొత్త ఫోనుతో పాటు వచ్చాయి. అప్పట్లో కూపన్లే కూపన్లు. ఆటో కంటే తక్కువకి ఏసీ కారు! ఎలా ఇస్తున్నారో అనుకునేవాళ్ళం. ఆ కంపెనీలు పెట్టుబడిదారుల డబ్బుతో అటు డ్రైవర్లకి ఇన్సెంటివులు, ఇటు మనకి రాయితీలు పంచిన రోజులవి. అలవాటయ్యాక రెండూ తగ్గించారు. మా వీధి కిరాణా కొట్టాయన అరువిచ్చి అలవాటు చేసి, తర్వాత ధర పెంచినట్టే.

అయినా సరే, యాప్ నాకు ఇచ్చినదాన్ని నేను కాదనలేను. రేటు ముందే తెరమీద కనిపిస్తుంది. బేరం లేదు. భాష రావాల్సిన పని లేదు. బండి నంబరు, డ్రైవరు ఫోటో కనిపిస్తాయి. ఓటీపీ చెప్తే గానీ బండి కదలదు. దారి మ్యాపులో కనిపిస్తూ ఉంటుంది కాబట్టి "చుట్టూ తిప్పుతున్నాడేమో" అన్న గుబులు లేదు. నలభై ఏళ్ళు దగ్గరపడ్డాక నేను మొదటిసారి ఒక్కదాన్నే కోఠీకి వెళ్ళి, పాత పుస్తకాల షాపుల ముందు రెండు గంటలు గడిపి, చీకటి పడ్డాక ఒక్కదాన్నే ఇంటికొచ్చాను. చదివేవాళ్ళకిది చిన్న సంగతి. నాకు కాదు.

అందులో ఒక చిక్కుండేది. యాప్ మావారి నంబరు మీద ఉండేది. నేను ఎక్కడ ఎక్కినా, ఎక్కడ దిగినా ఆయన ఫోనుకి మెసేజ్ వెళ్ళేది. "ఏంటి, ఇవాళ అమీర్‌పేట వెళ్ళావా?" అని సాయంత్రం అడిగేవారు. అనుమానంతో కాదు, మామూలుగానే. కానీ ఇరవై ఏళ్ళుగా పోపుల డబ్బాలో డబ్బు తీసుకుని ఆటో ఎక్కినప్పుడు ఆ ప్రశ్న లేదు కదా! ఒక రోజు మా అమ్మాయి నా ఫోన్లో నా పేరుతోనే యాప్ పెట్టి, నా బ్యాంకు ఖాతాకి యూపీఐ కలిపింది. గృహిణులకి నేను చెప్పే మొదటి మాట అదే. ఏ యాప్ అయినా సరే, మీ నంబరు మీద, మీ పేరు మీద ఉండాలి. వెళ్ళింది చెప్పుకోవడం వేరు, వెళ్ళినట్టు తెలిసిపోవడం వేరు.

ఇక డబ్బుల లెక్క. 2014లో ప్రభుత్వం పెట్టిన ఆటో మీటరు రేటు మొదటి 1.6 కిలోమీటర్లకి 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకి 11. ఆ లెక్కన మా ఇంటి నుంచి తార్నాకకి అరవై రూపాయల లోపు. ఆ రేటుకి వచ్చే ఆటో నాకు ఒక్కటీ దొరకలేదు. దొరకాలని అనుకోవడమూ న్యాయం కాదేమో, గ్యాసు ధర, బండి కిస్తీలు, పిల్లల ఫీజులు 2014లో ఉన్నట్టు లేవు. రోడ్డు మీద ఆపితే 120 నుంచి 150 అడిగేవాళ్ళు. మా స్టాండు ఆటో అన్న 100 తీసుకున్నాడు. యాప్ ఆటో మధ్యాహ్నం పూట 80, 85 చూపించేది, పొద్దున తొమ్మిదింటికి 130. యాప్ కారు 160 నుంచి 260 దాకా ఎంతైనా కావచ్చు. యాప్ ఆటోలకి ఇంకోటి ఉంది. 2022 జనవరి నుంచి యాప్‌లో బుక్ చేసిన ఆటోకి 5 శాతం జీఎస్టీ పెట్టారు, చెయ్యెత్తి ఆపిన ఆటోకి అది లేదు.

రద్దీలో రేటు ఎంత పెంచొచ్చన్నదానికి కూడా కేంద్రం మార్గదర్శకాలున్నాయి. 2020లో మూల ఛార్జీకి ఒకటిన్నర రెట్ల దాకా అన్నారు. 2025 జూలైలో దాన్ని రెండు రెట్లు చేశారు. ఒప్పుకున్నాక సరైన కారణం లేకుండా రద్దు చేస్తే, డ్రైవరుకైనా మనకైనా, ఛార్జీలో 10 శాతం, 100 రూపాయలు మించకుండా జరిమానా అని కూడా అందులో ఉంది. అమలు చెయ్యాల్సింది రాష్ట్రాలు. కాగితం మీద బాగానే ఉంది. వానలో నిలబడ్డవాళ్ళకి ఆ పది శాతం గొడుగు కాదు.

వాన అంటే గుర్తొచ్చింది. రెండో నెలలో ఒక సాయంత్రం ఫిజియోథెరపీ అయ్యేసరికి ఉరుములు మొదలయ్యాయి. అత్తయ్యగారు వాకర్ పట్టుకుని సెంటర్ మెట్ల దగ్గర కుర్చీలో కూర్చున్నారు. యాప్‌లో కారు బుక్ చేశాను. ఏ యాప్ అన్నది అనవసరం, ఆ రోజు దేన్లో చేసినా అంతే అయ్యుండేది. మొదటి డ్రైవరు ఫోన్ చేసి "క్యాషా, ఆన్‌లైనా? ఎక్కడికి?" అన్నాడు. మల్కాజిగిరి అనగానే పెట్టేశాడు. నిమిషం తర్వాత క్యాన్సిల్. రెండో అతను మ్యాపులో కదలకుండా అక్కడే ఉన్నాడు, పది నిమిషాలు. మనం క్యాన్సిల్ చేస్తే మనకి ఛార్జీ, వాళ్ళు చెయ్యరు. మూడో అతను వచ్చాడు. రోడ్డు అవతలి పక్క ఆపి, "యూ టర్న్ దూరం మేడం, ఇటు దాటి రండి" అన్నాడు. తుంటికి ఆపరేషన్ అయిన డెబ్బై నాలుగేళ్ళ మనిషిని వానలో, తార్నాక రోడ్డు దాటించి తీసుకెళ్ళాలట! పెద్దావిడ ఉందని చెప్పాను. "యాప్‌లో లొకేషన్ అక్కడే చూపిస్తోంది" అన్నాడు. అతను అబద్ధం ఆడలేదు, గుర్తు నిజంగానే అవతల పడింది. కానీ గుర్తుకి వాకర్ కనిపించదు కదా.

అత్తయ్యగారు ఏమీ అనలేదు. "నా మూలాన నీకు అగచాట్లమ్మా" అన్నారు, అంతే. ఆ మాటకంటే క్యాన్సిల్ అయిన మూడు బుకింగులు నయం అనిపించింది.

అప్పుడు మా స్టాండు ఆటో అన్నకి ఫోన్ చేశాను. పదిహేనేళ్ళుగా మా సందు చివర వేపచెట్టు కింద బండి పెట్టుకుంటాడు. మా అమ్మాయిని స్కూలుకి తీసుకెళ్ళింది ఆయనే. "అక్కా, జర ఆగుండ్రి, పావుగంటల వస్తా" అన్నాడు. ఇరవై ఐదు నిమిషాలకి వచ్చాడు. ఆటోని సెంటర్ మెట్లకి ఆనించి ఆపాడు. పక్క పరదా ముందే దించి ఉంచాడు. వాకర్ మడిచి వెనక పెట్టాడు. అత్తయ్యగారి కాలు ఎత్తడానికి ఎత్తు సరిపోవడం లేదని చూసి, సీటు కింద నుంచి ఒక చెక్కపీట తీసి కింద వేశాడు. "పెద్దమ్మా, మంచి కాలు ముందు పెట్టు" అన్నాడు. ఏది మంచి కాలో ఆయనకి గుర్తుంది! ఆ పీట ఆవిడ కోసమే చేయించి బండిలో పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. దానికి యాప్‌లో బటన్ లేదు.

ఇలా రాశానని ఆటోవాళ్ళందరూ దేవుళ్ళు, యాప్ డ్రైవర్లందరూ రాక్షసులు అనుకోకండి. ఇద్దరూ ఆ రోడ్ల మీద తిరిగే మనుషులే. చాలామంది ఆటోవాళ్ళు పొద్దున స్టాండులో ఉంటారు, మధ్యాహ్నం యాప్ పెట్టుకుంటారు. మా అన్నని అడిగాను, "నువ్వెందుకు యాప్ పెట్టుకోవు?" అని. పెట్టుకున్నాడట. ఇంతకుముందు ఒక్కో రైడు మీద కమీషన్ కోసేవాళ్ళు. ఇప్పుడు ఆటోలకి చాలావరకు ఆ పద్ధతి మాని, రోజుకింత అని కట్టించుకుంటున్నారు. "కట్టినంక గిరాకీ వచ్చినా రాకున్నా ఆ పైసలు పోయినట్టే అక్కా" అన్నాడు. డబ్బు నేరుగా డ్రైవరుకే ఇవ్వమని యాప్ చెప్పడం, డ్రైవరేమో "యాప్‌ల చూపించినదానికి ఇరవై ఎక్కువియ్యండి" అనడం ఇందుకే. కార్ల వాళ్ళ గోల వేరు. 2024 ఎండల్లో, వచ్చే డబ్బు డీజిలుకే చాలడం లేదని, ఏసీ వెయ్యం అని హైదరాబాద్‌లో క్యాబ్ డ్రైవర్లు నిరసన చేశారు. అప్పుడు మనం ఏసీ వెయ్యలేదని ఒక్క స్టార్ ఇచ్చి దిగిపోయాం.

మా అన్నకి ఇంకో దెబ్బ ఉంది, అది నా వల్ల కూడా. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం. జీరో టికెట్ తీసుకుని నేను హాయిగా సికింద్రాబాద్ వెళ్ళొస్తున్నాను. ఒకప్పుడు ఆ దూరానికి ఆయన ఆటోయే ఎక్కేదాన్ని. ఆయన భార్య కూడా అదే బస్సులో పనికి వెళ్తోంది, నెలకి బస్ పాసు డబ్బు మిగులుతోంది. "ఇంట్ల ఒక చేతికి వచ్చింది, ఒక చేతి నుంచి పోయింది" అని నవ్వాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మా అమ్మాయి విషయంలో మాత్రం నా ఓటు యాప్‌కే. అది రాయదుర్గంలో మెట్రో ఎక్కి మెట్టుగూడలో దిగుతుంది, ఒక్కోసారి రాత్రి పదవుతుంది. అక్కడి నుంచి ఇంటికి ఆటో. ఆ వేళ రోడ్డు మీద ముక్కూ మొహం తెలియని ఆటోని ఆపడం నాకిష్టం లేదు. యాప్‌లో బుక్ చేసి, ట్రిప్ షేర్ చేస్తుంది. ఆ చిన్న బండి బొమ్మ మ్యాపు మీద మా వీధి వైపు తిరిగేదాకా నేను స్టవ్ మీద చారు వేడి చెయ్యను. బండి ఎక్కేముందు నంబరు ప్లేటు చూసుకోవడం, అత్యవసర బటన్ ఎక్కడుందో ముందే తెలుసుకోవడం, 112 గుర్తుంచుకోవడం మాకు అలవాటు. "స్టాండు అంకుల్ నన్ను చిన్నప్పుడు దింపేవారు కదమ్మా, ఆయన్నే పిలవొచ్చుగా" అంటుంది ఒక్కోసారి. ఆయన రాత్రి తొమ్మిదికి బండి కట్టేస్తాడు. ఆయనకీ అరవై దగ్గరపడ్డాయి.

ఊరి ప్రయాణానికి పాత ట్రావెల్సే నయమని తేలింది. కార్తీకంలో అత్తయ్యగారిని తెనాలి తీసుకెళ్ళాం. యాప్‌లో వన్‌వే రేటు తక్కువ కనిపించింది. ట్రావెల్స్ వాళ్ళకైతే రానూ పోనూ కిలోమీటర్లు, రోజుకి కనీసం ఇన్ని కిలోమీటర్లని లెక్క, బత్తా, టోల్ కలిపి ఎక్కువే. కానీ వాళ్ళు ముందే వివరం అడిగారు, ఎత్తు తక్కువ సీటున్న కారు పంపారు. డ్రైవరు ప్రతి గంటన్నరకీ శుభ్రమైన బాత్రూం ఉన్న హోటల్ చూసి ఆపాడు. మాకు కావాల్సింది అది. అయితే పెద్దవాళ్ళు లేకుండా ఇద్దరం ఒక వైపుకే వెళ్ళాలంటే, యాప్‌లో వన్‌వే బుక్ చేసుకోవడమే తెలివైన పని. ట్రావెల్స్ మాట్లాడేటప్పుడు మూడు సంగతులు మాత్రం ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. కిలోమీటర్లు ఎక్కడి నుంచి లెక్క, బత్తా రోజుకెంత, టోల్, పార్కింగ్ ఎవరివి. నోటిమాట మీద వెళ్తే దిగేటప్పుడు గొడవ.

మూడో నెల మొదట్లో మావారు లెక్క చూసి, "యాప్ ఆటోకి మధ్యాహ్నం ఎనభై, నువ్వు స్టాండు ఆటోకి వంద ఇస్తున్నావు. నెలకి ఐదొందలు తేడా. టైము మార్చుకుని యాప్‌లోనే వెళ్ళొచ్చుగా" అన్నారు. ఆయన లెక్క తప్పు కాదు. నేను కూర్చుని మిగతా లెక్క చెప్పాను. క్యాన్సిల్ అయ్యాక ఎదురుచూసిన గంటలు, లొకేషన్ చెప్పలేక పెట్టుకున్న ఫోన్లు, ఆ చెక్కపీట, ఫిజియోథెరపీ జరిగే ముప్పావుగంట ఆయన బయటే ఆగి ఉండటం, దానికి వెయిటింగ్ తీసుకోకపోవడం. "ఐదొందలకి ఇంతా వస్తుంటే ఇంకేం తగ్గించాలి?" అన్నాను. మావారు కాసేపు ఆలోచించి, "అయితే వెయిటింగ్‌కి కూడా కలిపి ఇవ్వు" అన్నారు. అప్పటి నుంచి ఒక్కో ట్రిప్పుకి 110 చేసి, పదిహేను రోజులకోసారి ఇస్తున్నాం. అలా కట్టి ఇస్తే ఆయనకి బండి కిస్తీకి పనికొస్తోందట.

కాబట్టి మా ఇంట్లో ఇప్పుడు ఇలా నడుస్తోంది. నేనొక్కదాన్నే పగలు, తెలిసిన దారైతే బస్సు. కొత్త చోటైతే నా ఫోన్లో యాప్. అమ్మాయికి రాత్రిపూట యాప్. ఎయిర్‌పోర్టుకి తెల్లవారుజామున వెళ్ళాలంటే ముందురోజే చెప్పిన ట్రావెల్స్ కారు, చివరి నిమిషంలో క్యాన్సిల్ అయితే విమానం ఆగదు కాబట్టి. అత్తయ్యగారికి మాత్రం స్టాండు ఆటో.

అత్తయ్యగారిది బటన్ల ఫోను. స్మార్ట్ ఫోను ఇస్తామన్నా వద్దన్నారు, కళ్ళకి ఆనదట. యాప్ ఎంత గొప్పదైనా ఆవిడకి మాత్రం లేనట్టే. మేము బుక్ చేస్తే వెళ్ళాలి, మేము చెప్పిన వేళకి రావాలి. చిన్నప్పుడు రిక్షా పిలిచి ఊరంతా తిరిగిన మనిషి. సంక్రాంతి తర్వాత ఒక మంగళవారం నేను డాబా మీద బట్టలు ఆరేసి దిగేసరికి ఆవిడ జరీ అంచు చీర కట్టుకుని, చేతికర్ర పట్టుకుని హాల్లో కూర్చుని ఉన్నారు. "గుడికి వెళ్ళొస్తా. ఆటో అబ్బాయికి ఫోన్ చేశా, రెండో నంబరు నొక్కితే వస్తాడని నువ్వే పెట్టావుగా" అన్నారు. నేనూ వస్తానన్నాను. "ఎందుకూ? నీ పని చూసుకో" అన్నారు.

గేటు దాకా వెళ్ళాను. ఆయన పీట వేశాడు. ఆవిడ మంచి కాలు ముందు పెట్టి ఎక్కారు. తిరిగొచ్చింది గంటన్నర తర్వాత. గుడి నుంచి ఇంకెక్కడికైనా వెళ్ళారేమోనని అడగబోయి ఊరుకున్నాను.